నిధుల్లేవన్న మాట వెనక: అనంతపురం జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ జమాఖర్చుల కేస్ స్టడీ

పంచాయతీల లెక్కల మీద పనిచేసే వాళ్లం ఏ ఊరికి పోయినా మొదట వినే మాట "నిధుల్లేవు సార్". చాలా ఊళ్లలో అది నిజమే. ఈ ఊర్లో మాత్రం ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒక్కోదానికి మందు వేరు, అన్నిటికీ కలిపి ఒకే మందు వేయబోయినందుకే పంచాయతీకి ఒక ఏడాది వృథా అయింది. కొత్తగా చేరిన కార్యదర్శులకు, మొదటిసారి గెలిచిన సర్పంచులకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు, మండలం చెప్పను, మనుషుల పేర్లు రావు. గుర్తుపట్టే వీలు లేకుండా అంకెలను కాస్త మార్చాను కానీ వాటి మధ్య పోలిక చెడకుండా చూశాను.

ఊరు

మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయినప్పుడు ఈ మండలం అనంతపురంలోనే ఉండిపోయింది. పెద్ద ఊరు ఒకటి, దానికి అనుబంధంగా చిన్న పల్లెలు (మజరా గ్రామాలు) రెండు, అంతా కలిపి నాలుగు వేల జనాభా. వేరుశనగే ప్రధానం, బోర్లలో నీళ్లు పడిన వాళ్లకు చీనీ (బత్తాయి) తోటలు. ఇక్కడి వానలను నమ్ముకుని ఏడాదంతా ఊర్లో ఉండలేరు కాబట్టి సంక్రాంతి దాటిందంటే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పని చేసే వయసు వాళ్లు బెంగళూరులో కట్టడం పనులకు పోతారు, ముసలివాళ్లు, బడి పిల్లలు ఊర్లో ఉంటారు. మళ్లీ ఉగాదికి వస్తారు, పీర్ల పండక్కి వస్తారు. పన్ను వసూలుకూ ఈ రాకపోకలకూ చాలా దగ్గర సంబంధం ఉంది, ఆ సంగతి కిందికి వస్తుంది.

2018 ఆగస్టులో పాత పాలకవర్గాల గడువు ముగిసింది. 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా రాష్ట్రమంతటా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. సొంత శాఖ పని చూసుకుంటూ పంచాయతీని కూడా చూడాల్సిన అధికారి ఇంటి పన్ను రిజిస్టరు తెరిచి వీధి వీధి తిరగలేడు, అది ఆయన లోపం అనను. ఏదేమైనా ఆ కాలంలో ఈ ఊరి రిజిస్టర్లలో పాత పేజీలను కొత్త పుస్తకంలోకి ఎత్తిరాయడం తప్ప మరో పని జరగలేదు.

2021లో గెలిచిన సర్పంచ్ మహిళ, రిజర్వేషన్ స్థానం. మొదటి రెండు మీటింగుల్లో ఆమె భర్తే మాట్లాడాడు. లెక్కల పుస్తకాలు ముందు పెట్టుకుని ఆమెతో విడిగా కూర్చున్నాక తెలిసింది ఏమిటంటే, ఏ వీధికి నీళ్లు ఏ పొద్దు వస్తాయో, ఎక్కడ రావో ఆమెకు నోటికి వచ్చు. పైగా పొదుపు సంఘంలో చాలా ఏళ్లు లెక్కలు రాసిన మనిషి. ఈ కేసులో పనిచేసిన వాటిలో సగం ఆమె ఆలోచనలే.

సమస్య ఏమని మా దగ్గరికి వచ్చింది

2022 ఎండాకాలం. పారిశుధ్య కార్మికులకు కొన్ని నెలలుగా జీతం లేదు, వాళ్లు పని ఆపేశారు. చెత్త నుంచి సంపద తయారీ షెడ్డుకు తాళం. వీధిదీపాలవీ మంచినీళ్ల మోటార్లవీ కరెంటు బకాయిలు లక్షల్లో పేరుకుని కనెక్షన్ తీసేస్తామని నోటీసు వచ్చింది. పెద్ద ఊర్లో రెండు రోజులకోసారి నీళ్లు, చివరనున్న ఎస్సీ కాలనీలో నాలుగు రోజులకోసారి. ఇంటి పన్ను డిమాండులో, అంటే ఊరంతా కట్టాల్సిన మొత్తంలో, వసూలైంది పదింట నాలుగు వంతులు కూడా లేదు.

సర్పంచ్, కార్యదర్శి మమ్మల్ని అడిగింది ఒక్కటే. "పన్ను రేటు పెంచాలి సార్, తీర్మానం ఎట్లా రాయాలో చెప్పండి."

ఆ మాటకు వెంటనే సరే అనలేదు. పదిలో ఆరుగురు కట్టని చోట రేటు పెంచితే ఆ పెంపు ఇప్పటికే కడుతున్న నలుగురి మీదే పడుతుంది. వాళ్లు ఎవరు? ఊర్లో ఉండిపోయిన ముసలివాళ్లు, పింఛన్ తీసుకునే రోజు పన్ను కట్టేసి రసీదు దాచుకునే వాళ్లు. రేటు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎవరు ఎందుకు కట్టడం లేదో చూద్దామన్నాం.

అప్పటికే చేసి చూసినవి

మేము పోకముందు మార్చిలో పంచాయతీ ఒక స్పెషల్ డ్రైవ్ చేసింది. గ్రామ సచివాలయం సిబ్బంది అందరినీ వీధుల్లో దించారు, మైకు పెట్టారు, కట్టకపోతే కొళాయి తీసేస్తామని చెప్పించారు. వచ్చింది చాలా తక్కువ. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కారణం కనిపిస్తుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది, ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 2. డ్రైవ్ జరిగిన రోజుల్లో డబ్బు చేతిలో ఉన్నవాళ్లు బెంగళూరులో ఉన్నారు, ఇంటి దగ్గర దొరికిన అవ్వా తాతలకు "మా పిల్లోడు వస్తే కడతాడు" అనడం తప్ప దారి లేదు. పిల్లోడు వచ్చేసరికి డ్రైవ్ అయిపోయింది, అడిగే మనిషి లేడు.

కొళాయి తీసేస్తామన్న బెదిరింపు ఇంకా చెడ్డ పని చేసింది. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే కాలనీలో ఒకావిడ కార్యదర్శి ముఖం మీదే అడిగింది: "నీళ్లే రాని కొళాయి తీసుకపోతే మాకేం నష్టం సార్? నీళ్లు ఇడ్సండి, అప్పుడు పన్ను అడగండి." ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. తర్వాత కూడా కొళాయి కోసే ఆలోచన రెండుసార్లు చర్చకు వచ్చింది, రెండుసార్లూ వద్దనే అన్నాం. తాగే నీళ్లతో బేరం పెట్టకూడదన్నది ఒక కారణం. రెండోది, కోయడం మొదలుపెడితే అది ఎప్పుడూ బలం లేని వాళ్ల ఇంటి దగ్గరే మొదలవుతుంది, పెద్ద బకాయిదారు గుమ్మం దాకా పోదు.

ఇంకొకటి, సర్టిఫికెట్ కోసం వచ్చిన వాళ్ల దగ్గర పాత పన్నంతా కట్టించుకోవడం. బ్యాంకు లోనుకో కొత్త మీటరుకో ఇంటి ధ్రువపత్రం అవసరమైన వాళ్లు కట్టక తప్పలేదు. దాంతో కొంత వసూలైంది నిజమే. కానీ పంచాయతీ ఆఫీసుకు పోతే ఏదో ఒకటి పీక్కుంటారన్న పేరు వచ్చి, ఇల్లు కొన్నవాళ్లు పేరు మార్పించుకోవడానికి రావడమే మానేశారు. రిజిస్టరు ఇంకా పాడైంది.

మేము వచ్చాక చేయించిన మొదటి పని గ్రామసభలో జమాఖర్చులు చదివించడం. లెక్క చూపిస్తే నమ్మకం వస్తుందని మా ఆలోచన. అది కూడా ఫలించలేదు. మధ్యాహ్నం ముందు పెట్టారు, ఆడవాళ్లు ఉపాధి హామీ పనికి పోయి ఉన్నారు. కార్యదర్శి పద్దుల వారీగా మొత్తాలు చదివాడు: ఇంటి పన్ను ఇంత, స్టాంపు సర్‌ఛార్జి ఇంత, సీనరేజి వాటా ఇంత, ఆర్థిక సంఘం గ్రాంటు ఇంత. వినేవాళ్లకు ఆ పేర్లే కొత్త. ఒకాయన లేచి రసీదు చూపించి "ఈ గ్రంథాలయం పన్ను ఏంది? మన ఊర్లో గ్రంథాలయం యాడుంది?" అని అడిగాడు. ఇంటి పన్ను రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సు, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది, పంచాయతీ వసూలు చేసి పంపుతుందంతే. కార్యదర్శి ఆ సంగతి చెప్పేలోపే గొడవ పెద్దదైంది. మొత్తాలు చదివితే ఎవరికీ తమ వీధి కనిపించదు. అడగాల్సింది ఏదో తెలియక చేతిలో ఉన్న రసీదు గురించే అడిగారు.

డబ్బు లేదా, వాడుకోలేదా

ఇక్కడ ఆగి మేము చేసింది, పంచాయతీ డబ్బును అది ఎక్కడి నుంచి వచ్చింది, దేనికి వాడొచ్చు అన్న లెక్కన విడివిడిగా రాయడం. ఒకే కాగితం మీద, పెద్ద అక్షరాలతో.

15వ ఆర్థిక సంఘం గ్రాంటు 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు. అందులో సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకు. మిగతా 40 శాతం అన్‌టైడ్, దాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. ఇది కార్యదర్శికి తెలుసు, వార్డు సభ్యుల్లో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏముందని చూస్తే దాదాపు అన్నీ సిమెంటు రోడ్లే. ప్రతి వార్డు సభ్యుడూ తన వీధికి రోడ్డు రాయించుకున్నాడు. రోడ్లకు టైడ్ డబ్బు వాడటానికి లేదు, నీళ్ల పనులేమో ప్రణాళికలో లేవు, ప్రణాళికలో లేని పనికి పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో బిల్లు పెట్టలేరు. అంటే నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే ఊర్లో నీళ్ల కోసం వచ్చిన డబ్బు ఖాతాలో ఊరికే పడి ఉంది, అదే సమయంలో నిధుల్లేవని సర్పంచ్ నిజంగానే నమ్ముతోంది.

అందుకే వరస మార్చాం. అందరూ పన్ను ముందు, సౌకర్యం తర్వాత అనుకుంటున్నారు. మేము నీళ్ల పని ముందు పెట్టమన్నాం. దానికి పన్ను డబ్బు అక్కర్లేదు, ప్రణాళికను సవరించి గ్రామసభలో ఆమోదించుకుంటే చాలు. వార్డు సభ్యుల్లో ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల రోడ్లు పోతాయని. రోడ్లు అన్‌టైడ్‌లో ఉంటాయి, వాటిని ఎవరూ తీసేయలేదని కాగితం చూపించాక తగ్గారు.

నీళ్ల లెక్క ఇదీ. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. నాలుగు వేల మందికి 2,20,000 లీటర్లు కావాలి. ఊర్లో ట్యాంకు 60,000 లీటర్లది. రోజుకు దాదాపు నాలుగు ట్యాంకులు నిండాలి, నిండుతున్నది ఒకటిన్నర. బోర్లలో నీళ్లు తక్కువని అందరూ అనేవాళ్లు. వాటర్‌మ్యాన్‌తో కలిసి తిరిగితే బోర్ల కంటే ముందు గేటు వాల్వులు కనిపించాయి. కాలనీకి పోయే లైనులో వాల్వు అరిగిపోయి పూర్తిగా మూయడానికి రాదు, తెరవడానికీ రాదు, కాబట్టి పెద్ద ఊరికి వదిలినప్పుడల్లా సగం నీళ్లు పల్లంలోని చేనుకు పోతున్నాయి. రెండు వాల్వులు మార్చడం, కొంత పైపు వేయడం, కాలనీకి విడిగా పొద్దున్నే వంతు పెట్టడం, ఇంతే పని. రోజూ నీళ్లు ఇప్పటికీ లేవు. కానీ కాలనీకి కూడా పెద్ద ఊరితో సమానంగా రెండు రోజులకోసారి వస్తున్నాయి, ఏ రోజు ఏ పొద్దో గోడ మీద రాసి ఉంది. మొదట కాలనీకే చేయించడం మీద కొందరికి కోపం వచ్చింది. సర్పంచ్ దానికి వంగలేదు.

కరెంటు బిల్లు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలా పంచాయతీల్లో ఎవరూ చూడని చోటు ఇదే.

నెలకు వచ్చే బిల్లు ఒక్క మొత్తంగా వచ్చేది, దాన్నే చూసి బాధపడేవాళ్లు. పంచాయతీ పేరు మీద ఎన్ని సర్వీసులు (కరెంటు కనెక్షన్లు) ఉన్నాయో ఆఫీసులో జాబితా లేదు. విద్యుత్ సిబ్బంది దగ్గర జాబితా తీసుకుని, లైన్‌మ్యాన్‌ను పక్కన పెట్టుకుని ఒక్కో సర్వీసు దగ్గరికి పోయాం. రెండు సర్వీసులు ఎండిపోయిన బోర్లవి. మోటారు ఎప్పుడో పైకి తీసేశారు, సర్వీసు మాత్రం రద్దు చేయమని ఎవరూ రాసివ్వలేదు, ప్రతి నెలా కనీస చార్జీ పడుతూనే ఉంది, బకాయి మీద అదనపు చార్జీ కూడా. ఇంకొక చోట మీటరు కాలిపోయి సగటు లెక్కన బిల్లు వేస్తున్నారు, ఆ సగటు మోటారు పగలూ రాత్రీ ఆడిన రోజులది.

వీధిదీపాలది వేరే కథ. పెద్ద ఊర్లో దాదాపు 150 దీపాలు. వాటికి విడిగా వైరు లేదు, స్విచ్చు లేదు, ఇళ్లకు కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతాయి. ఒక్కోటి 20 వాట్ల ఎల్‌ఈడీ అనుకున్నా 150 దీపాలంటే 3 కిలోవాట్లు. పగటి 12 గంటలు వెలిగితే రోజుకు 36 యూనిట్లు, నెలకు వెయ్యి దాటుతుంది, ఎవరికీ వెలుగు అక్కర్లేని వేళ. వార్డు సభ్యులు ఎల్‌ఈడీలు పెట్టాం కదా ఇంకేముంది అనేవాళ్లు. దీపం మార్చారు కానీ ఆర్పే ఏర్పాటు చేయలేదు. దీపాలకు విడిగా థర్డ్ వైరు లాగించి, ట్రాన్స్‌ఫార్మర్ వారీగా మీటరు, స్విచ్చు పెట్టించే పనిని అన్‌టైడ్‌లో పెట్టాం, దానికోసం ఒక రోడ్డు పని తర్వాతి ఏడాదికి వాయిదా పడింది. ఆ రోడ్డు సర్పంచ్ సొంత వార్డుది కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు.

వీటితో కొత్త బిల్లు బాగా తగ్గింది. పాత బకాయి అలా తగ్గలేదు. ఎండిన బోర్ల సర్వీసుల మీద పడిన మొత్తం తీసేయమని రాసిన ఉత్తరాలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరిగాయి, కొంత తగ్గించారు, కొంత ఇంకా మిగిలే ఉంది. అయినా ఆ జాబితా తయారుచేయడం ముఖ్యం. 2021లో ఆర్థిక సంఘం నిధుల నుంచి కరెంటు బకాయిలకు రాష్ట్ర స్థాయిలోనే సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు చాలామంది ఆందోళనకు దిగారు, వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ నిజంగా బాకీ ఎంతో తన దగ్గర సొంత లెక్క లేని పంచాయతీకి, ఎంత మినహాయించినా ఇది ఎక్కువ అని చెప్పడానికి ఆధారం ఉండదు.

ఇంటి పన్ను రిజిస్టరు

నీళ్లు, కరెంటు కొంత దారిలో పడ్డాక పన్నుకు వచ్చాం. డిమాండు తప్పుగా ఉందన్న అనుమానం మొదటి నుంచీ ఉంది, కానీ ఎంత తప్పో తెలియడానికి ఒక కొలత కావాలి. ఇంటింటి సర్వే అంటే నెలలు పడుతుంది, పైగా పన్ను పెంచడానికి వచ్చారని ఊరంతా తలుపులు వేసుకుంటుంది. అందుకని ఇంట్లోకి పోకుండా తెలుసుకునే దారి వెతికాం. ఊర్లో ఇంటి కరెంటు సర్వీసులు ఎన్ని? దాదాపు 1,150. పన్ను రిజిస్టరులో అసెస్‌మెంట్లు, అంటే పన్ను వేసిన ఇళ్లు, ఎన్ని? 900 పైచిలుకు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించగానే కార్యదర్శికి విషయం అర్థమైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీటర్ల సంఖ్యే ఇళ్ల సంఖ్య కాదు. అన్నదమ్ములు వేరుపడి ఒకే ఇంట్లో రెండు మీటర్లు పెట్టుకోవచ్చు, తాళం వేసిన ఇంటికీ మీటరు ఉండొచ్చు. ఆ తేడా చూసి వెంటనే 250 కొత్త నోటీసులు రాస్తే గొడవలే మిగులుతాయి. ఎక్కడ చూడాలో చెప్పడానికి మాత్రం ఆ జాబితా చాలు. వీధి వారీగా రెండు జాబితాలు సరిపోల్చి, తేడా ఎక్కువ ఉన్న వీధుల్లోనే తిరిగారు.

బయటపడినవి చెబుతాను. రిజిస్టరులో ఉన్న ఇళ్లలో 120 దాకా ఇప్పుడు లేవు. మట్టి మిద్దెలు కూలిపోయాయి, కొన్ని చోట్ల స్థలం ఖాళీ, కొన్ని చోట్ల ఇంకొకరు కొత్త ఇల్లు కట్టుకుని వేరే నంబరు మీద పన్ను కడుతున్నారు. ఆ కూలిన ఇళ్ల మీద ఏటా డిమాండు పడి, వసూలు కాక, బకాయిలోకి చేరి, మళ్లీ మరుసటి ఏడాది పడుతోంది. ఊరు కట్టాల్సిన బకాయి అని డీసీబీలో (డిమాండు, వసూలు, బకాయిల పట్టికలో) చూపిస్తున్న మొత్తంలో మూడో వంతు ఎవరూ కట్టాల్సిన పని లేని డబ్బు. ఇంకో వైపు, అంతస్తు మీద అంతస్తు వేసిన స్లాబు ఇళ్లు ఇంకా మట్టి మిద్దె కిందే ఉన్నాయి. రోడ్డు పక్క గోడౌను రెండు, ఒక సెల్ టవరు అసలు రిజిస్టరులోనే లేవు.

వసూలు పదింట నాలుగన్న లెక్క ఇక్కడ తిరగబడింది. లేని ఇళ్లు తీసేసి చూస్తే ఊరు అంతకంటే బాగానే కడుతోంది. ఇన్నేళ్లూ ఈ ఊరి జనం పన్ను ఎగ్గొడతారని మండల సమావేశాల్లో అనిపించుకున్నారు. ఆ మాటలో సగం నిజం కాదు. ఆ సంగతి గోడ మీద రాయించమని నేను పట్టుబట్టాను, రాయించారు కూడా.

సరిదిద్దే పనిలో మొదటి ఇల్లు ఎవరిదన్నది పెద్ద చర్చ అయింది. సర్పంచ్ వాళ్లది రెండంతస్తుల ఇల్లు, రిజిస్టరులో మట్టి మిద్దె. ఆమె తన ఇంటినే మొదట కొలిపించింది, కొత్త డిమాండు కట్టి రసీదు తీసుకుంది, భర్త నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడట. ఆ తర్వాత ఆమె బంధువుల ఇళ్లు, ఆ తర్వాత గోడౌన్లు. వరస ఇది కాకుండా కాలనీ నుంచి మొదలుపెట్టి ఉంటే ఈ కేసు ఇక్కడితో ఆగిపోయేదని నా గట్టి నమ్మకం.

పెద్ద బకాయిదారుల పేర్లు ఫ్లెక్సీ కట్టిద్దామని ఒక వార్డు సభ్యుడు అన్నాడు. వద్దన్నాం. అప్పటికి బకాయిల జాబితాలో పైన ఉన్న పేర్లలో చనిపోయినవాళ్లు ఉన్నారు, ఒంటరి ముసలామె ఉంది. రిజిస్టరు పూర్తిగా సరికాకముందు ఒక్క పేరు తప్పు పడినా మళ్లీ ఎవరూ నమ్మరు. సరి అయ్యాక కూడా ఊర్లో పరువు తీసిన పంచాయతీకి ఆ మనిషి జన్మలో సహకరించడు, అదే మనిషితో రేపు పైపులైను కోసం చేనులో దారి అడగాలి.

లెక్క ఎక్కడ చదవాలి, ఎప్పుడు అడగాలి

గ్రామసభలో చదివింది ఎవరికీ ఎక్కలేదని చెప్పాను కదా. సర్పంచ్ వేరే దారి చెప్పింది. పొదుపు సంఘాల ఆడవాళ్లు ప్రతి నెలా కూర్చుంటారు, పుస్తకం తెరిచి జమ ఎంత, అప్పు ఎంత, నిల్వ ఎంత అని పైసాతో సహా చదువుకుంటారు. లెక్క వినడం, ప్రశ్న అడగడం వాళ్లకు అలవాటైన పని. పంచాయతీ లెక్కను కూడా అదే రూపంలో రాసి, ఆ సంఘాలన్నీ కలిసే గ్రామ సమాఖ్య మీటింగులో పది నిమిషాలు చదవడం మొదలుపెట్టారు. వీధి వారీగా: మీ వీధి నుంచి ఇంత వచ్చింది, మీ వీధి దీపాలకు, కాలువ తీయడానికి ఇంత పోయింది, నిల్వ ఇంత. మొదటి నెలలోనే ఒకావిడ కాలువ తీసిన ఖర్చు రెండుసార్లు పడిందని పట్టుకుంది. నిజంగానే పడింది, సరిదిద్దారు. అప్పటి నుంచి కార్యదర్శి బిల్లులు జాగ్రత్తగా రాస్తున్నాడు, ఆడవాళ్లూ ఇంటికి పోయి మాట్లాడుతున్నారు.

అడిగే కాలం మార్చాం. ఊర్లో ఉన్నవాళ్లను వేరుశనగ అమ్ముకునే రోజుల్లో, డిసెంబరు, జనవరిలో అడగడం. బెంగళూరులో ఉన్నవాళ్లకు డిమాండు నోటీసు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం, ఫోన్‌లో కట్టే వీలు పెట్టి రసీదు కూడా వాట్సాప్‌లోనే పంపడం. రసీదు పంపడం చిన్న విషయం అనిపిస్తుంది కానీ కట్టినవాడు దాన్ని ఊరి గ్రూపులో పెట్టుకుంటాడు, అది చూసి ఇంకో నలుగురు అడుగుతారు. ఉగాది నాలుగు రోజులూ, పీర్ల పండగ రోజుల్లోనూ సచివాలయంలో ఒక మనిషి కూర్చోవాలి, సెలవు కదా అంటే కుదరదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మార్చి లెక్కలో ఆ డబ్బు పడదని కార్యదర్శి దిగులుపడ్డాడు. కొత్త ఏడాది మొదటి నెలలోనే పడిందనుకో అన్నాం.

ఇప్పుడు ఎక్కడుంది

చాలు అనదగ్గ మార్పే, అద్భుతం కాదు. లేని ఇళ్లు తీసేసిన డిమాండు మీద చూస్తే నడుస్తున్న సంవత్సరం పన్ను నాలుగింట మూడు వంతులు వసూలవుతోంది, పాత బకాయి మాత్రం నెమ్మదిగానే వస్తోంది. గోడౌన్లు, టవరు చేరడంతో రేటు పెంచకుండానే డిమాండు పెరిగింది. పారిశుధ్య కార్మికులకు జీతం ఒక నెల అటూ ఇటూగా అందుతోంది. ఆ జీతం ఆ పనికి చాలదు, ఆ సంగతి పంచాయతీ చేతిలో లేదు, కానీ వాళ్లు ఎదురుచూడాల్సిన నెలలు తగ్గాయి. తాళం వేసిన షెడ్డు తెరుచుకుంది, ఎరువు అమ్మకం ఇంకా పేరుకే.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి, ఉపాధి హామీ పనుల మీద. ఈ ఊరి సభకు ఆడవాళ్లే ఎక్కువ మంది వచ్చారు, కాలువల పనికి టైడ్ డబ్బు ఎంత మిగిలిందని అడిగారు. టైడ్ అనే మాటే వాడారు. రెండేళ్ల కింద ఆ మాట వార్డు సభ్యులకే తెలియదు.

తేలనివి మూడు ఉన్నాయి. చీనీ తోటల్లో కట్టుకున్న ఇళ్లను రిజిస్టరులో చేర్చాలా అన్నది ఒకటి. అక్కడికి పంచాయతీ నీళ్లూ దీపమూ పోవు, ఏమిచ్చామని అడగాలన్నది వార్డు సభ్యుల వాదన. రోడ్డు వాళ్లూ వాడతారు కదా అన్నది కార్యదర్శి వాదన. నా వరకు ముందు ఒక చేతిపంపో దీపమో ఇచ్చి తర్వాత అడగమంటాను. రెండోది, కార్యదర్శికి బదిలీ అయితే ఈ తెలివిడి అంతా ఆయనతోనే పోయే ప్రమాదం. వీధి వారీ పుస్తకం రెండో ప్రతి గ్రామ సమాఖ్య దగ్గర పెట్టించాం, ప్రతి ఆరు నెలలకు రెండూ సరిపోల్చాలని తీర్మానం రాశారు. మూడోది, కూలిన ఇళ్ల మీది పాత బకాయిని పూర్తిగా రద్దు చేయడం. పాలకవర్గం తీర్మానం చేసి పంపింది, అనుమతి రావాలి. అది వచ్చేదాకా డీసీబీలో ఆ మొత్తాన్ని విడిగా ఒక పేజీలో చూపిస్తున్నారు, ఒక్కో నంబరు పక్కన ఇల్లు లేదని, ఎవరు చూసి రాశారో సంతకంతో సహా.